సియాటిల్ చలి వానలో రన్నింగ్: జాకెట్, షూస్, సాక్స్, గ్లవ్స్.. వేటికి డబ్బులు పెట్టొచ్చు

సియాటిల్ వైపు కొత్తగా వచ్చి, అక్టోబర్ దాటగానే రన్నింగ్ మానేసి మళ్ళీ మే నెలలో గుర్తొచ్చే మనవాళ్ళ కోసం ఇది. షాపుకెళ్తే ముందు వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ షూస్ చూపిస్తారు, రెండూ కలిపితే బిల్లు 300 డాలర్లు ఈజీగా దాటేస్తుంది. నన్నడిగితే ఆ రెండూ ఆఖర్న కొనాల్సినవి. ముందు సాక్స్, గ్లవ్స్, టోపీ కొనండి.

ఇక్కడి వాన గురించి కొంచెం చెప్పాలి. ఏడాది మొత్తం లెక్కేస్తే సియాటిల్‌కీ మా వైజాగ్‌కీ పెద్ద తేడా ఏం లేదు, రెండు చోట్లా వెయ్యి మిల్లీమీటర్లకి అటూ ఇటూ. కాకపోతే మన దగ్గర దబదబా కురిసేసి పోతుంది, ఇక్కడ అదే వాన అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ముసురు పట్టినట్టు పడుతూనే ఉంటుంది. డిసెంబర్‌లో పగలు కూడా ఎక్కువ రోజులు 4 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే, సాయంత్రం 4:20కి సూర్యుడు డ్యూటీ దిగిపోతాడు. మంచు అయితే దులిపేసుకోవచ్చు, ఈ వాన అలా కాదు, బట్టల్లోకి ఇంకుతుంది, నీళ్ళేమో గాలి కంటే 25 రెట్లు స్పీడుగా ఒంట్లో వేడి లాగేస్తాయి. గంట పరిగెడితే ఎలాగూ తడుస్తాం, వానకి కాకపోతే చెమటకి. అందుకే నేను ఏ వస్తువుకైనా మార్కులేసేది ఒక్క విషయం చూసే, తడిసిన తర్వాత కూడా వెచ్చగా ఉంచిందా లేదా.

షూస్‌తో మొదలెడతా. వాటర్‌ప్రూఫ్ మోడల్ ఒకటి ఈ చలికాలం బాగానే వాడా, బ్రాండ్ పేరు అనవసరం, ఎందుకంటే ఏ కంపెనీదైనా ఇందులో సూత్రం ఒకటే. పైన బట్టకీ లోపలి లైనింగ్‌కీ మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది, బయటి నీళ్ళు లోపలికి రావు. బాగుంది. గడ్డి మీద మంచుకీ, సన్న జల్లుకీ, కరుగుతున్న స్నోకీ నిజంగానే సూపర్. కానీ షూకి పైన కాలు పెట్టే కన్నం ఒకటి ఉంటుంది కదా, అసలు వాన పడితే పిక్కల మీద నుంచి కారిన నీళ్ళన్నీ సాక్స్ వెంట అందులోకే దిగుతాయి, దిగిన నీళ్ళని ఆ పొర బయటికి పోనివ్వదు, ఇంక అక్కడి నుంచి ప్రతి అడుగుకీ బచక్ బచక్ మని బిందెలో కాలు పెట్టి పరిగెడుతున్నట్టు ఉంటుంది. మామూలు మోడల్ కంటే ఇరవై ముప్పై డాలర్లు ఎక్కువ, కాస్త బరువు, రాత్రంతా పెట్టినా ఆరదు. 5కి 2.

పైన సన్న కన్నాల జాలీ బట్ట ఉండే మామూలు మెష్ షూస్‌లో మొదటి నీటి గుంటలోనే కాలు తడుస్తుంది, నిజమే, ఆ క్షణం ప్రాణం జివ్వుమంటుంది. కానీ అడుగు వేసినప్పుడల్లా నీళ్ళు కొంచెం కొంచెం బయటికి పోతుంటాయి, లోపల ఊలు సాక్స్ ఉంటే పది నిమిషాల్లో కాలు వేడెక్కుతుంది. అందుకని ఉన్న మెష్ షూనే వాడుకోండి, కొత్తది కొనాల్సి వస్తే మాత్రం పైన బట్టకంటే కింద సోల్ పట్టు చూడండి. ఇక్కడ మనం పరిగెత్తే బర్క్-గిల్మన్ ట్రైల్ ఒకప్పుడు రైలు లైను, ఇప్పుడు తారు వేశారు, చాలా చోట్ల చెట్ల వేర్లు ఆ తారుని పైకి లేపేశాయి, నవంబర్ వచ్చిందంటే దాని మీద మేపుల్ ఆకులు తడిసి పేస్టులా అంటుకుని ఉంటాయి. చెక్క వంతెనలు, రోడ్డు మీద తెల్ల పెయింటు గీతలు కూడా అంతే, బ్రేకులుండవు. షూ తిరగేసి ముందరి పాదం కింద రబ్బరు ఎంత ఉందో చూడండి, ఈమధ్య బరువు తగ్గించడానికి కొన్ని మోడల్స్‌లో ఫోమునే నేలకి వదిలేస్తున్నారు, అవి ఎండాకాలానికి ఓకే గానీ ఇక్కడ వద్దు. అడిడాస్ వాళ్ళ కొన్ని మోడల్స్‌లో టైర్ల కంపెనీ కాంటినెంటల్ రబ్బరు వాడతారు, తడి రోడ్డు మీద పట్టు నాకు బాగా నచ్చింది, 5కి 4.5. సాక్స్ మందంగా ఉంటాయి కాబట్టి అర సైజు పెద్దది వేసి చూసుకోండి.

సాక్స్ అన్నాను కదా, ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు. మెరినో ఊలు (మెరినో జాతి గొర్రెల సన్నటి ఊలు) తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తగలనివ్వదు, కాటన్ అయితే నీళ్ళు తాగి బండగా అయిపోయి బొబ్బలెక్కిస్తుంది. డార్న్ టఫ్ అని వెర్మాంట్‌లో తయారయ్యే బ్రాండ్ ఉంది, జత పాతిక డాలర్ల దగ్గర పడుతుంది, సాక్స్‌కి పాతిక డాలర్లా అని నాకూ అనిపించింది, కానీ చిరిగిపోతే కొత్తవి ఇస్తామని జీవితకాలం గ్యారంటీ. 5కి 5, ఇంకో మాట లేదు.

ఇప్పుడు జాకెట్. ట్యాగ్ మీద 10,000 అనో 20,000 అనో రాసుంటుంది, అంటే ఆ గుడ్డ మీద అన్ని మిల్లీమీటర్ల ఎత్తున నీళ్ళు నిలబెట్టినా లీకవ్వదని. 10,000 అంటే పది మీటర్ల నీళ్ళు! బస్ స్టాపులో నిలబడేవాడికి బ్రహ్మాండం. పరిగెత్తేవాడికి సమస్య లోపలుంది, చెమట ఆవిరి బయటికి పోవాలి. గుడ్డ పైభాగానికి నీళ్ళు జారిపోయే కోటింగ్ వేస్తారు, అది అరిగిపోతే పైగుడ్డ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, ఆవిరి పోయే దారి మూసుకుంటుంది, లోపల మీరు ఉడుకుతారు, ఆగగానే చల్లబడతారు. పైగా నీళ్ళు అంటకుండా ఈ కోటింగుల్లో ఇన్నాళ్ళూ వాడిన పీఫాస్ అనే కెమికల్స్ ఉన్న కొత్త బట్టలు అమ్మకూడదని కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి చట్టం వచ్చింది, దాంతో చాలా కంపెనీలు కోటింగులు మార్చేశాయి. మంచి పనే, కానీ కొత్త కోటింగులకి ఒంటి జిడ్డు పడదు, తరచూ ఉతకాలి. వీటికోసం అమ్మే లిక్విడ్‌తోనే ఉతకండి, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ పోస్తే కోటింగ్ గోవిందా. లేబుల్ మీద ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద కాసేపు తిప్పితే కోటింగ్ మళ్ళీ పని చేస్తుంది.

గంట లోపు పరుగుకి నా ఓటు పల్చటి విండ్ జాకెట్‌కే. పటగోనియా హూడినీ వంద గ్రాములకి కాస్త ఎక్కువుంటుంది, మడిస్తే గుప్పిట్లో పడుతుంది, సన్న జల్లు ఆపుతుంది, పెద్ద వానకి తడుస్తుంది గానీ గాలి కొట్టకుండా ఆపుతుంది, మనకి కావాల్సింది అదే. 5కి 4. అయితే కూగర్ మౌంటెన్, టైగర్ మౌంటెన్ లాంటి కొండల మీదకి ట్రైల్ రన్‌కి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఈ సలహా వర్తించదు. అక్కడ కాలు బెణికి ఓ అరగంట కూర్చోవాల్సి వస్తే పల్చటి జాకెట్‌తో గడ్డకట్టుకుపోతారు, బ్యాగులో సీలు వేసిన కుట్లున్న అసలైన వాటర్‌ప్రూఫ్ ఉండాల్సిందే.

లోపలికి కంపెనీ ఈవెంట్లో ఫ్రీగా ఇచ్చిన కాటన్ టీషర్టు తప్ప ఏదైనా ఓకే. మెరినో బాగుంటుంది కానీ ఖరీదు, త్వరగా చిల్లులు పడతాయి. ఇండియా వెళ్ళినప్పుడు డెకాథ్లాన్‌లో ఫుల్ హ్యాండ్స్ పాలిస్టర్‌వి రెండు మూడు తెచ్చుకోండి, చాలు. కిందకి ఒంటికి పట్టి ఉండే టైట్స్, వదులు ట్రాక్ ప్యాంట్లు తడిస్తే బరువుకి కిందకి జారతాయి, తొడలు ఒరుసుకుంటాయి. ఒరుసుకునే చోట వాజెలిన్ రాయండి, కొబ్బరి నూనె ఇక్కడి వానకి నిలవదు. బయట ఉన్నదానికంటే పది డిగ్రీలు ఎక్కువ ఉందనుకుని బట్టలేసుకోండి, గుమ్మం దాటగానే కొంచెం వణికితే సరిగ్గా వేసుకున్నట్టే లెక్క.

కళ్ళజోడు వాళ్ళకి ముందు అంచున్న టోపీ తప్పనిసరి, హుడ్ ఆ పని చెయ్యదు, తల తిప్పితే అది తిరగదు. గ్లవ్స్ పల్చటివి చాలు, దాని మీదకి గాలి ఆపే మిట్టెన్ కవర్ (నాలుగు వేళ్ళూ కలిపి ఒకే సంచిలో పట్టేది) ఉంటే ఇంకా మంచిది, లేకపోతే ఇంటికొచ్చాక తాళం తిప్పడానికి కూడా వేళ్ళు పనిచెయ్యవు. నవ్వకండి, నిజం.

"వానలో పరిగెట్టడమేంట్రా, జొరం తెచ్చుకోడానికా" అని అమ్మ వీడియో కాల్‌లో తిడుతుంది. అందులో ఒక పాయింటుంది, పరిగెత్తినంతసేపు ఏం కాదు, ఆగిన ఐదు నిమిషాలకి వణుకు మొదలవుతుంది. గ్రీన్ లేక్‌కో సమ్మామిష్ రివర్ ట్రైల్‌కో కార్లో వెళ్తే తువ్వాలు, పొడి టీషర్టు కార్లోనే ఉంచుకోండి, కబుర్లు అవి మార్చుకున్నాక.

కొనేది ఎక్కడంటే, నేనైతే ఆర్‌ఈఐ అంటా. 1938లో ఇక్కడే పర్వతారోహకులు పెట్టుకున్న కోఆపరేటివ్, మెంబర్‌షిప్ 30 డాలర్లు కడితే జీవితాంతం, మెంబర్లకి చాలా వస్తువులు ఏడాది లోపు రిటర్న్ ఇచ్చే వీలుంది, వాడినవి అమ్మే సెక్షన్ కూడా ఉంది, జాకెట్ కొనాలనే ఉంటే ముందు అందులో వెతకండి.

తడిసిన షూస్‌ని హీటర్ మీదో డ్రయ్యర్‌లోనో పెట్టకండి, జిగురు ఊడుతుంది, ఫోము పాడవుతుంది. ఇన్‌సోల్ తీసి పక్కన పెట్టి, లోపల కాగితం కుక్కి, గంట తర్వాత ఒకసారి మార్చండి. ఇంట్లో న్యూస్‌పేపర్ ఎవరికీ రాదనుకోండి, ఇండియన్ స్టోర్లో ఇచ్చే పాంప్లెట్లు నున్నగా ఉంటాయి నీళ్ళు పీల్చవు, పార్సిల్ డబ్బాల్లో వచ్చే బ్రౌన్ పేపర్ దాచుకోండి.