ఉపరితల తరంగాల ప్రయోగానికి ఏది మేలు: గాడుల ప్లేటా, ప్రింటెడ్ బోర్డా?

విజయనగరంలో ఈసీఈ పిల్లలకు మైక్రోవేవ్ ల్యాబ్ చెబుతాను. ప్రాజెక్టుల వేళకు ఏటా ఎవరో ఒకరు మెటాసర్ఫేస్ (చిన్న చిన్న ఆకారాలు వరసగా పేర్చి తరంగాల నడకను మార్చే ఉపరితలం) చేస్తామని వస్తారు. అందరి చేతిలోనూ పుట్టగొడుగు బోర్డు డిజైనే. 1999లో సీవెన్‌పైపర్ బృందం చూపిన నమూనా అది: పైన రాగి ముక్కలు, ఒక్కోదాని నుంచి కింది రాగి పొరకు దిగే చిన్న కాడ. నేను మాత్రం, లోహాన్ని అంటిపెట్టుకుని పాకే ఈ ఉపరితల తరంగాలు చూడాలంటే ముందు అల్యూమినియం ప్లేటుకి గాడులు కొట్టించుకు రమ్మంటాను.

15 సెంటీమీటర్ల చదరం బోర్డులో 3 మి.మీ.కి ఒక ముక్క చొప్పున పెడితే 2,500 రంధ్రాలు. ఒక బ్యాచ్ వాటిలో తీగలు దూర్చి చేత్తో టంకం పెట్టారు. ఎక్కడ అతుకు ఊడిందో చివరిదాకా దొరకలేదు. పైగా మామూలుగా వాడే ఎఫ్ఆర్-4 (గ్లాస్‌ఫైబర్) బోర్డు పర్మిటివిటీ, అంటే తరంగాన్ని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే గుణం, ఒక్కో షీటుకి ఒక్కోలా ఉంటుంది, తరంగాన్ని బాగానే మింగేస్తుంది. ఫలితం తేడా వస్తే తప్పు లెక్కదో బోర్డుదో తేలదు.

ప్లేటులో ఉండేవి లోహం, గాలి, అంతే. గాడి లోతు 5 మి.మీ., వెడల్పు 2, నాలుగు మి.మీ.కి ఒకటి. ఊళ్లో మిల్లింగ్ షాపులో అయిపోతుంది. మన క్లిస్ట్రాన్ (మైక్రోవేవ్ పుట్టించే ట్యూబు) బెంచ్‌ను 9.4 గిగాహెర్ట్జ్‌కి పెట్టి, వేవ్‌గైడ్ (తరంగాన్ని నడిపే లోహపు గొట్టం) మూతిని ప్లేటు అంచుకి ఆనించి, అవతలి చివర రేకు నిలబెట్టండి. ప్రోబును (క్షేత్రాన్ని పసిగట్టే చిన్న తీగ) గాడులకు అడ్డంగా జరుపుతూ పోతే, వెళ్లే తరంగం, రేకుకి తగిలి తిరిగొచ్చే తరంగం కలిసి మీటరు ముల్లు పడుతూ లేస్తూ ఉంటుంది. మామూలుగా గాలిలో అయితే పడిన చోటుకీ చోటుకీ మధ్య అర తరంగదైర్ఘ్యం, అంటే 16 మి.మీ. ఉండాలి. ఇక్కడ లెక్క ప్రకారం దాదాపు 12.7. తరంగం గాడులను పట్టుకుని నెమ్మదించింది! ప్రోబును 7 మి.మీ. పైకెత్తితే క్షేత్రం మూడో వంతు దగ్గరికి పడిపోవాలి. లోహానికి గుంటలు పెడితే తరంగం దానికి అంటుకుని పాకుతుందని 2004లో పెండ్రీ బృందం సిద్ధాంతంగా చెప్పింది; దాన్ని పిల్లలు తమ చేత్తో కొలుస్తారు.

బుడితి ఇత్తడితో చేయొచ్చా అని ఒక శ్రీకాకుళం అమ్మాయి అడిగింది. చేయొచ్చు. ఈ ఫ్రీక్వెన్సీలో కరెంటు లోహంలోకి రెండు మైక్రాన్లు కూడా దిగదు, ఇత్తడైనా ఒకటే.

పలుచగా ఉండి యాంటెన్నాలో ఇమడాలన్నా, డయోడ్లతో ట్యూన్ చేయాలన్నా బోర్డే గతి. కానీ అందుకు నెట్‌వర్క్ అనలైజర్ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ స్పందన కొలిచే పరికరం), ఫ్యాక్టరీలో వేయించిన బోర్డు రెండూ కావాలి.

ప్లేటు తేగానే కాలిపర్ తోకతో గాడి లోతు నాలుగైదు చోట్ల చూసుకోండి. 5 బదులు 5.2 ఉంటే ఆ 12.7 కాస్తా 12.3 అవుతుంది.