సర్ఫ్‌బోర్డు కవర్ కొంటున్నారా? నాలాగా అంచు పట్టుకుని చూసి మోసపోకండి

కోపం ఇంకా దిగలేదు. కాబట్టి ఎక్కడైనా మాట తూలితే సర్దుకోండి. నాకు కవర్ అమ్మిన ఆన్‌లైన్ పేజీ పేరు మాత్రం రాయను, రాస్తే దాన్ని నడిపేవాడు దానికీ ఏదో ఒక కేసు పెడతాడు. బోర్డులు, వాటి కింద బిగించే ఫిన్లు (రెక్కలు), కాలు జారకుండా పైన పూసే మైనం కొనుక్కునే మన బ్యాచ్‌లో వాణ్ని ఎరగనివాళ్లు ఎవరున్నారు? వెండి రంగు కవర్, పక్కన ఉక్కు స్కేలు, స్కేలు మీద 10 దగ్గర బొటనవేలు. ఆ ఫోటో మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటుంది. వాడే.

నాది 7 అడుగుల 6 అంగుళాల మినీమాల్, అంటే కాస్త పొడుగు రకం సర్ఫ్‌బోర్డు. చెన్నై పక్కన కోవళంలో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఉండేది తిరుపతిలో. నీళ్లలో దిగాలంటే పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటి, చెన్నై ట్రాఫిక్‌లో ఒక గంట తపస్సు చేసి, ఈసీఆర్ అనే తీరం రోడ్డు ఎక్కాలి. అంతసేపూ బోర్డు కారు పైన ఎండలో ఉంటుంది. రెండేళ్లు దాన్ని అమ్మ కుట్టిన బొంతలో చుట్టి, పైన టార్పాలిన్ కప్పి, తాడు బిగించి తీసుకుపోయాను. ఒక్క గీత పడలేదు. మళ్లీ చెబుతున్నా, పాత చీరల బొంతలో రెండేళ్లు, ఒక్క గీత పడలేదు.

మరి కవర్ ఎందుకు కొన్నావురా అంటారా? సిగ్గుతో. కోవళంలో కుర్రాళ్లు నా మూట చూసి శవాన్ని దించుతున్నట్టు ఉందని నవ్వేవాళ్లు. పరువు కోసం 4,850 రూపాయలు, కొరియర్‌కు ఇంకో 350 కట్టాను.

తెలియక కొన్నానా అంటే అదీ కాదు, మంట అక్కడే. సాక్సులాగా సాగే గుడ్డ కవర్ ఇంట్లో దుమ్ము, గీతలు పడకుండా ఉండటానికి. 5 ఎంఎం ఫోమ్ ఉన్న డే బ్యాగ్ ఇంటికీ బీచ్‌కీ మధ్య తిరగడానికి. కారు పైన వేసుకుని దూరం పోయేవాడికి 10 ఎంఎం ట్రావెల్ బ్యాగ్ కావాలి. ఇదంతా నాకు తెలుసు. బోర్డు చూడటానికి రాయిలా ఉంటుంది కానీ లోపల ఉన్నది పాలీయురెథేన్ ఫోమ్, దాని మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ, ఆపైన రెసిన్ పూత, అంతే. దెబ్బలు ఎక్కువగా తగిలేది ముక్కుకు, తోకకు, పక్క అంచులకు. పైపెంకు పగిలిందంటే లోపలి ఫోమ్ నీళ్లు తాగి బరువెక్కుతుంది, పసుపు తిరుగుతుంది. అందుకే 10 ఎంఎం అడిగాను. ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాను. "పక్కా 10 ఎంఎం బ్రో" అని వీడియో కూడా పెట్టాడు. వీడియోలో జిప్పు పక్కన అంచును రెండు వేళ్లతో నొక్కి చూపించాడు. పార్సిల్ వచ్చాక నేనూ అక్కడే నొక్కి చూశాను. మందంగానే ఉంది. మురిసిపోయాను.

సైజులోనే అనుమానం రావాల్సింది. 7-6 బోర్డుకు 7-8, 7-9 కవర్ అయితే సరిపోతుంది, రెండు మూడు అంగుళాలు వదులుంటే చాలు. వీడు 8 అడుగులది పంపాడు. అడిగితే "పెద్దదైతే మంచిదే సర్, టవల్, లీష్ అన్నీ పెట్టుకోవచ్చు" అన్నాడు. లీష్ అంటే బోర్డును కాలికి కట్టుకునే తాడు. బోర్డు లోపల అటూ ఇటూ జారుతోంది. టవల్ కుక్కి సర్దుకున్నాను. అప్పుడే వెనక్కి పంపి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

మొన్న శనివారం కోవళం పోయాం. కారు పైనుంచి దించి, హ్యాండిల్ పట్టుకుని రెండు అడుగులు వేశానో లేదో, హ్యాండిల్ ఒకవైపు కుట్టు ఊడి చేతికొచ్చింది. ముందు భాగం సిమెంటు నేల మీద పడింది. ఎంత ఎత్తు నుంచి? మోకాలి ఎత్తు కూడా లేదు. బోర్డు లోపల జారి ముక్కు వైపు కొట్టుకుంది. జిప్పు తీసి చూస్తే ముక్కు చితికిపోయి, లోపలి తెల్ల ఫోమ్ కనబడుతోంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, దాచను. అంత దూరం వచ్చాం కదా అని ముక్కుకు టేప్ చుట్టి నీళ్లలో దిగాను. గంట తర్వాత బయటికొచ్చేసరికి టేప్ కింద నీళ్లు గులగులమంటున్నాయి. బుద్ధి లేని పని. దానికి వాణ్ని తిట్టను. మిగతా అన్నిటికీ తిడతాను.

అక్కడ సర్ఫింగ్ నేర్పే అబ్బాయి ఒకడు కవర్ తీసుకుని, అంచును కాకుండా నడిమధ్యను బొటనవేలితో నొక్కాడు. అవతలి వైపున్న తన వేలు తనకే తగిలింది. నా ముఖం చూసి ఏమీ అనలేదు పాపం.

ఆ రాత్రే కవర్ అమ్మినవాడికి మెసేజ్ పెట్టాను. మర్యాదగానే పెట్టాను. జవాబు ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "సర్, లోపల ఫోమ్ ఫోటో పెట్టండి, చెక్ చేసి రీప్లేస్ చేస్తాం." గమనించండి, డబ్బు పడేదాకా బ్రో, పడ్డాక సర్. అయినా రీప్లేస్ అన్నాడు కదా అని సంబరపడ్డాను. ఫోమ్ రెండు పొరల మధ్య ఉంటుంది, కుట్టు విప్పకుండా దాని ఫోటో ఎలా తీస్తారు అన్న ఆలోచన నాకు రాలేదు. వాడికి వచ్చింది.

సోమవారం ఆఫీసుకు లేటవుతుందని తెలిసీ లీలామహల్ సర్కిల్ దగ్గర సందులో సీటు కవర్లు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాను. బండి సీట్లు, ఆటో టాపులు కుట్టి కుట్టి ఆయన వేళ్లు తోలులా అయిపోయాయి. కవర్‌ను బల్ల మీద పరిచి, నడిమధ్య అరచేయి వేసి ఒకసారి నిమిరాడు.

"ఏంది సామీ ఇది, పడవకు చొక్కానా?"

చెప్పాను. బ్లేడుతో అంచు కుట్టు ఒక్కొక్కటే విప్పాడు. పాపిడి తీసినట్టు జానెడు మేర తెరుచుకుంది. లోపల చూడండి ఏముందో. జిప్పు పొడవునా రెండు వేళ్ల వెడల్పు పట్టీ, అది మాత్రం మంచి ఫోమ్, నిజంగా 10 ఎంఎం. ఆ పట్టీ అయిపోగానే, కొత్త టీవీ కొంటే చుట్టి ఇస్తారే, ఆ పల్చటి తెల్ల షీటు. ఒకటే పొర. ముక్కు దగ్గర, అంటే అసలు మందం ఉండాల్సిన చోట, పాత సోఫాలోంచి పీకినట్టున్న స్పాంజి ముక్కలు మూడు. ఒకటి గులాబీ రంగు, ఒకటి పసుపు, ఒకటి ఏ రంగో చెప్పలేను. వాటిని అతికించను కూడా లేదు, ఊరికే కూరారు. అది నీళ్లు పీల్చే స్పాంజి, తడి బోర్డు పెట్టినందుకు ఇంకా చెమ్మగానే ఉంది, ముక్కిపోయిన వాసన.

పెద్దాయన ఆ గులాబీ ముక్కను రెండు వేళ్లతో ఎత్తి, "అంచుకు పెట్టినారు, నడిమికి ఎగ్గొట్టినారు" అన్నాడు. "పట్టుకోని చూసేది అంచునే కదా నాయనా, వాళ్లకు తెల్దా?"

వెండి పూత సంగతి కూడా ఆయనే చూపించాడు. ఎండను వెనక్కి కొట్టడానికి కదా ఆ పూత ఉండేది, మన తిరుపతి ఎండలో అది లేకుంటే కవర్ లోపల పొయ్యే. బోర్డు మీది మైనం కరిగి గుడ్డకంతా అంటుకుంటుంది. థర్మోకోల్ రకం ఫోమ్‌తో చేసే ఈపీఎస్ బోర్డులకైతే ఎండ వేడికి పైపెంకు ఊడి ఉబ్బిపోయే ప్రమాదం కూడా ఉంది. పెద్దాయన తడి గుడ్డతో ఒక్కసారి తుడిచాడు. పూత గుడ్డకు వచ్చేసింది. రంగు! ఉత్త రంగు! జిప్పు ఇనుపది, ఒక్క ట్రిప్పుకే పళ్ల మీద తుప్పు.

సరే, ఇంత సాక్ష్యం దొరికింది కదా. స్కేలు పెట్టి ఆరు ఫోటోలు తీసి, వాడు అడిగినట్టే పంపాను. రెండు నిమిషాల్లో నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత వచ్చిన జవాబు:

"కుట్లు విప్పిన ప్రోడక్ట్‌కు రిటర్న్ లేదు సర్. పాలసీ చూడండి."

ఇది మళ్లీ చదవండి. నేను పదిసార్లు చదివాను, ఆ సందులోనే నిలబడి, వెనక ఆటోవాడు హారన్ కొడుతుంటే. లోపల ఫోటో పెట్టమన్నది ఎవరు? వీడే. ఫోటో తీయాలంటే కుట్టు విప్పాలి. విప్పితే రిటర్న్ లేదు. విప్పకపోతే ఫోటో లేదు, ఫోటో లేకపోతే రీప్లేస్ లేదు. ఎంత చక్కగా అల్లాడండీ వల! కవర్ కుట్టడంలో ఇందులో సగం తెలివి పెట్టినా బాగుండేది.

ఫోన్ చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టాను, పెద్దాయన కూడా విన్నాడు. ఫోమ్ సంగతి అడిగితే మా ఊరు అడిగాడు. తిరుపతి అన్నాను. ఒక నవ్వు నవ్వాడు చూడండి, ఆ నవ్వు ఇంకా చెవిలోనే ఉంది.

"తిరుపతిలో సముద్రం ఎక్కడిది సర్? కోనేట్లో ఆడతారా? మీకు ఈ కవర్ చాలు సర్, ఎక్కువే."

నాకు మాట రాలేదు. అదే నన్ను ఎక్కువ కాలుస్తోంది. సమాధానం రాత్రి పదకొండింటికి మంచం మీద తట్టింది: ఒరే నాయనా, 2022లో జిల్లాలు మార్చినప్పటి నుంచి శ్రీహరికోట ఉన్నది మా తిరుపతి జిల్లాలోనే, రాకెట్లు ఎగిరేది సముద్రం ఒడ్డు నుంచే. ఏం లాభం, అప్పటికే నంబర్ బ్లాక్ చేశాడు. పెద్దాయన మాత్రం అక్కడే "పెట్టెయ్ నాయనా, వాడితో మాటలేంది" అని ఫోన్ వైపు చూసి తల తిప్పుకున్నాడు. కుట్లు విప్పినందుకు డబ్బులు తీసుకోలేదు. వచ్చేటప్పుడు ఇంకో మాట అన్నాడు, అది గుండెల్లో గుచ్చుకుంది. 10 ఎంఎం ఫోమ్ షీటు నేను తెచ్చుకుంటే, గట్టి టార్పాలిన్ ఆయన దగ్గరే ఉందట, ప్లాస్టిక్ జిప్పు వేసి, బోర్డు కొలత తీసుకుని కుట్టి ఇస్తాడట. కూలి 800 రూపాయలు. ఇంటి నుంచి నడిచిపోయే దూరం.

అమ్మకు చెప్పాలా వద్దా అనుకున్నాను, ముక్కు చూసి ఆమే కనిపెట్టింది. "బొంత ఏం చేసింది నిన్ను?" అంది. అంతే అంది, లోపలికి పోయింది.

బోర్డు ఇప్పుడు మేడ మీది గదిలో ఉంది. టేప్ పీకేసి, ముక్కు కిందికి వచ్చేలా వాల్చి పెట్టాను, నీళ్లు కారి ఆరాలి. తడి పూర్తిగా ఆరకముందే రెసిన్ వేస్తే నీళ్లు లోపలే ఉండిపోతాయి. కోవళంలో రిపేరుకు 6,000 అడిగారు.

డబ్బు యూపీఐలో వాడి సొంత నంబరుకు పంపాను. బిల్లు అడగలేదు. అవును, తెలుసు, మీరేమీ అనక్కర్లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోను అని అమ్మినవాడు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. వాడి పాలసీ కన్నా అది పెద్దదో చిన్నదో చూద్దాం. చాటింగ్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకున్నాను, మీరూ కొనేముందు నుంచే తీసి పెట్టుకోండి.

కొనేవాళ్లకు, మరిచిపోకముందే: మందం చూడాలంటే అంచు వదిలేసి నడిమధ్య, ముక్కు దగ్గర నొక్కండి. జిప్పు ప్లాస్టిక్‌దేనా, హ్యాండిల్ రెండు చివర్లా అడ్డంగా కూడా కుట్టారా చూడండి. బోర్డు కన్నా అరడుగు పెద్ద కవర్ అంటగడితే వద్దనండి. దూరం పోయేటప్పుడు ఫిన్లు ఊడదీయండి, తడి బోర్డును కవర్‌లో వదిలేయకండి. ఇంకేమైనా ఉంటే కింద అడగండి, తీరిక ఉన్నప్పుడు చెబుతాను.

ఇది రాస్తుండగానే ఒక ఫ్రెండ్ వాడి కొత్త స్టోరీ పంపాడు. పండగ ఆఫర్ అట, 10 ఎంఎం కవర్, 15 శాతం తగ్గింపు. అదే స్కేలు, అదే వెండి రంగు. పెద్దది చేసి చూశాను. బొటనవేలు జిప్పు పక్కనే ఉంది.