లేత నీలం గోడలు: బూడిద నీలమా, ఆకుపచ్చ నీలమా? ఏది మేలు?

లేత నీలమే వేద్దామని తేల్చుకున్నాక అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: "షేడ్ కార్డులో అన్నీ ఒకేలా ఉన్నాయి, ఏది తీసుకోమంటారు?" నిజానికి ఒకేలా ఉండవు. ఒక్కో నీలంలో ఒక్కో రెండో రంగు దాగి ఉంటుంది. కాస్త నలుపు పడితే బూడిద నీలం, ఆకుపచ్చ పడితే సముద్రపు ఛాయ, ఊదా పడితే లావెండర్ వాలకం. వేలెడంత కార్డు ముక్కలో ఇది తెలియదు. అదే పట్టీ చివర ఉండే ముదురు షేడ్ చూడండి, లోపలి రంగు అక్కడ బయటపడుతుంది. ముక్కను తెల్ల కాగితం మీద పెట్టి చూసినా కొంత పట్టు దొరుకుతుంది.

అసలు పోటీ బూడిద నీలానికీ ఆకుపచ్చ నీలానికీ మధ్యే. దాన్ని తేల్చేది సోఫా రంగో కర్టెన్ రంగో కాదు, ఆ గదిలో వెలిగే బల్బు. చాలామంది పగలు దుకాణంలో తెల్లటి లైట్ల కింద షేడ్ ఎంచుకుని, రాత్రి పసుపు లైటు కింద కూర్చుంటారు. 2700 కె (కెల్విన్, బల్బు వెలుగు ఎంత పసుపో ఎంత తెలుపో చెప్పే అంకె; పెరిగేకొద్దీ తెలుపు) పసుపు బల్బు వెలుగులో నీలం పాలు చాలా తక్కువ. గోడ తిప్పి పంపడానికి నీలమే అందనప్పుడు అది నీలంగా ఎలా కనపడుతుంది? ఆకుపచ్చ ఛాయ ఉన్నది ఆ వెలుగులో ఇంకాస్త ఆకుపచ్చకు తిరిగి, పొద్దున చూసిన గోడేనా ఇది అనిపిస్తుంది. బూడిద నీలం కూడా నీలం కోల్పోతుంది గానీ, వెచ్చటి బూడిద రంగుగా మిగులుతుంది. చెడ్డగా ఉండదు. నా మొగ్గు దానివైపు ఉండటానికి సగం కారణం ఇదే.

అలాగని బూడిద నీలం అన్నిచోట్లా నెగ్గదు. నేరుగా ఎండ పడని గదిలోకి వచ్చేది ఆకాశపు వెలుగు మాత్రమే, అందులో నీలం ముందే ఉంటుంది. అక్కడ బూడిద నీలం సిమెంటు గోడలా చల్లగా, నీరసంగా తేలుతుంది. పైగా 6500 కె తెల్ల లైటు కూడా పెడితే ఇక చెప్పక్కర్లేదు. అలాంటి గదికి, ముఖ్యంగా పగలే ఎక్కువగా వాడేదైతే, కొంచెం ఆకుపచ్చ కలిసిన నీలం ప్రాణం పోస్తుంది. రెంటికీ మధ్య రాజీ కావాలంటే 4000 కె బల్బు పెట్టండి, రంగు పెద్దగా జారదు. సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటిన బల్బు అయితే ఇంకా నయం. బల్బు మార్చడం గోడకు మళ్లీ రంగు వేయడం కన్నా తేలిక కాబట్టి, ముందు బల్బు తేల్చుకుని తర్వాత షేడ్ దగ్గరికి రండి.

మిగతా రెండు నీలాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఏమీ కలవని ఆకాశ నీలం కార్డు మీద ముచ్చటగా ఉండి, నాలుగు గోడలకూ ఎక్కాక సున్నంలో నీలిమందు ఎక్కువైనట్టు కొడుతుంది. ఊదా నీలం ఒక్క గోడకైతే సరే.

నాలుగు గోడలు ఒకదాని వెలుగు ఒకదాని మీద పడేసుకోవడం వల్ల ఏ నీలమైనా కార్డు మీదకన్నా చిక్కబడుతుంది. అందుకే నచ్చిన దానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి. ఎల్‌ఆర్‌వీ అంకె (రంగు వందకు ఎంత వెలుగు తిప్పి పంపుతుందో చెప్పేది) ఇచ్చి ఉంటే 60 నుంచి 70 మధ్యది చాలు. నేల ఇటుక ఎరుపో చెక్క రంగో అయితే పక్కన ఉన్న నీలం ఇంకా నీలంగా కనపడుతుంది, అక్కడ మరికాస్త బూడిద కలిసినదే నయం. సీలింగుకు మీగడ తెలుపు వద్దు. నీలం పక్కన అది మాసిన పసుపులా అగుపిస్తుంది. మామూలు తెలుపు వేయండి.

నమూనా గోడ మీద నేరుగా పూస్తే పాత రంగు కన్ను మోసం చేస్తుంది. రెండడుగుల అట్టకు తెల్ల ప్రైమర్ కొట్టి, చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి, రెండు కోట్లు వేయండి. ఎమల్షన్ తడిలో ఉన్నప్పటికన్నా ఆరాక సాధారణంగా కొంచెం ముదురుతుంది కాబట్టి మర్నాడు చూడాలి. కిటికీ ఎదుటి గోడకొకసారి, కిటికీ ఉన్న గోడకొకసారి ఆనించండి. రెండోది ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మీ బల్బు కింద చూశాకే తేల్చండి.

గోడ పాతది, మీగడ రంగో పసుపో అయితే తెల్ల ప్రైమర్ ఒక కోటు తప్పదు. లేకపోతే పల్చటి చోట అడుగు పసుపు నీలంతో కలిసి ఆకుపచ్చ మచ్చలుగా తేలుతుంది. కొత్త ప్లాస్టరింగు అయితే కనీసం 28 రోజులు ఆరనివ్వండి. చెమ్మ ఉండగా వేస్తే ఉప్పు పొంగి తెల్లటి మరకలు వస్తాయి, లేత నీలం మీద అవి బాగా కనపడతాయి. ఫినిషు మ్యాట్ మంచిది. మెరుపు ఎక్కువైతే పుట్టీ ఎగుడుదిగుళ్లన్నీ కిటికీ వెలుగులో లెక్కపెట్టొచ్చు.

12×12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అనుకుంటే గోడలు 480 చదరపు అడుగులు. తలుపు, కిటికీ కింద 60 తీసేస్తే 420, రెండు కోట్లకు 840. లీటరు ఒక కోటుకు సుమారు 110 చదరపు అడుగులు వస్తే 8 లీటర్లు కావాలి. చిన్న డబ్బాలు తెచ్చుకుంటే అన్నీ ఒకే బకెట్టులో పోసి కలిపాకే మొదలుపెట్టండి, డబ్బాకూ డబ్బాకూ ఉండే తేడా గోడ మధ్యలో తెలియకుండా పోతుంది. తర్వాత గీతలు సరిచేసుకోవడానికి అదే కలుపులోంచి మిగిలిన కాస్త డబ్బాలో మూత బిగించి దాచి, టింటింగ్ లేబుల్ (రంగు పాళ్లు రాసిన చీటీ) ఆ డబ్బాకే అంటించండి.