క్లాసులో గౌరవం నేర్పాలంటే స్పెషల్ పీరియడా, కలిపి చేయించే పనా? ఏది మేలు?

"అందరూ సమానమే, ఎవర్నీ వెక్కిరించకూడదు" అని వారానికో పీరియడ్ పెట్టి చెప్పాలా, లేక మామూలు సైన్స్, సోషల్ పాఠాల్లోనే రకరకాల పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి పని చేయించాలా? నా ఓటు రెండోదానికే.

స్పెషల్ పీరియడ్ ఈజీ. టైంటేబుల్‌లో ఓ గంట, గోడకి ఓ చార్ట్, పనైపోయింది. అలాగని పూర్తిగా దండగ అనను, వీల్‌చైర్‌లో ఉన్న పిల్లాణ్ణి అడక్కుండా తొయ్యకూడదు లాంటివి ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాల్సిందే కదా. కానీ పిల్లలు గట్టోళ్లు, టీచర్‌కి ఏ జవాబు కావాలో ఇట్టే పట్టేస్తారు, చార్ట్ మీద 'సమానం' అని రంగులేసిన వాడే ఇంటర్వెల్‌లో నత్తి ఉన్నోడికి వంకర పేరు పెడతాడు.

రెండో దారిలో నాకు బాగా నచ్చింది జిగ్సా పద్ధతి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాలున్న పిల్లల్ని ఒకే క్లాసుల్లో కలిపాక గొడవలు లేస్తుంటే, ఎలియట్ ఆరన్సన్ అనే సైకాలజిస్ట్, ఆయన స్టూడెంట్స్ కలిసి తెచ్చారు దీన్ని. పాఠాన్ని ఐదారు ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇస్తారు, ఒకే ముక్క వచ్చినోళ్లంతా ముందు ఓ చోట చేరి దాన్ని అర్థం చేసుకుంటారు, తర్వాత ఎవరి గ్రూపుకి వాళ్లొచ్చి మిగతావాళ్లకి చెప్తారు, చివర్లో టెస్ట్ మాత్రం ఎవరిది వాళ్లదే. అంటే నత్తి ఉన్నోడి దగ్గరున్న ముక్క ఇంకెవరూ చెప్పరు, వాణ్ణి ఎగతాళి చేస్తే పోయేది నా మార్కులే! అందుకని ఓపిగ్గా వినడం, మెల్లగా ప్రశ్నలడగడం అదంతటదే మొదలవుతుంది. పక్కపక్కన కూర్చోబెడితే చాలదు, సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పెద్దల మద్దతు కావాలని గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే ఇంకో సైకాలజిస్ట్ 1954లోనే చెప్పాడు, ఇది దానికి సరిగ్గా సరిపోతుంది.

మూడోది కూడా ఉంది, 1968లో జేన్ ఎలియట్ అనే టీచరమ్మ కళ్ల రంగుని బట్టి క్లాసుని రెండుగా చీల్చి, ఒక రోజు వీళ్లు గొప్ప, ఇంకో రోజు వాళ్లు గొప్ప అని చేసి, వివక్ష ఎలా ఉంటుందో చూపించింది. మనసుకి తగులుతుంది నిజమే, కానీ ఎనిమిదేళ్ల పిల్లల్ని కావాలని అవమానించడం నాకు మింగుడుపడదు, వద్దనే చెప్తా.

జిగ్సాకీ తిప్పలున్నాయండోయ్. గ్రూపులు పిల్లలకే వదిలేస్తే ఫ్రెండ్స్ ఫ్రెండ్సే చేరతారు, కాబట్టి టీచరే వెయ్యాలి. నోరున్నోడు అంతా తనే చెప్పేస్తాడు, లీడర్‌ని మారుస్తూ ఉండాలి. చదవడం కష్టమైన పిల్లలకి వాళ్ల ముక్క బొమ్మల్లోనో ఆడియోలోనో ఇవ్వాలి, లేకపోతే అందరి ముందూ మళ్లీ పరువు పోయేది వాళ్లదే. మొదటి రెండు మూడు సార్లు క్లాసంతా గోల, సిలబస్ వెనకబడుతుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఒక రెండు నెలలు ఓపిక పట్టి, లంచ్‌లో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటున్నారో చూడండి.