గింజాలో 550 యెన్లకు వేణ్ణీళ్ల స్నానం: కొంపరుయు

టోక్యోకు మొదటిసారి వెళ్లేవాళ్లెవరు అడిగినా నేనొక్కటే చెబుతున్నాను. దిగిన రెండు మూడు రోజుల్లోనే, ఒంటి బడలిక ఇంకా తీరకముందే, ఒక సాయంత్రం సెంటోకు వెళ్లండి. సెంటో అంటే పేటలో ఉండే ఊరుమ్మడి స్నానశాల. డబ్బులిచ్చి లోపలికెళ్లి, ఒళ్లు శుభ్రంగా రుద్దుకుని, పెద్ద వేణ్ణీళ్ల తొట్టిలో మెడవరకూ మునిగి కూర్చుని, ఇంటికెళ్లి పడుకోవడమే. నేను వెళ్లింది ఖరీదైన అంగళ్ల పేట గింజాలో, ఎనిమిదో బ్లాకులో, షింబాషి స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న కొంపరుయుకు.

తీసుకెళ్లింది సుజాత. హాస్టల్లో నా గదిలోనే ఉండేది, ఇప్పుడు నిషి కసాయ్‌లో కాపురం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు ఎక్కువగా ఉండే పేట అది. కందిపప్పుకూ చింతపండుకూ లోటు లేదు. దాని ఇంట్లో నాకు లోటల్లా నిద్రే. జపాన్ గడియారం మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి పదకొండైతే నా ఒంటికి ఇంకా ఏడున్నరే. అర్ధరాత్రి దాటినా పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. సుజాత అది గమనించి, “రేపు సాయంత్రం నిన్నొక చోటికి తీసుకెళ్తానే. అక్కడ బట్టల గురించి మాత్రం నాతో వాదించకు” అంది.

బట్టల సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే మన ఆడవాళ్లు ఆగిపోయేది అక్కడే. ఆడవాళ్ల వైపు, మగవాళ్ల వైపు పూర్తిగా వేరు. లోపల ఎవరి ఒంటిమీదా బట్ట ఉండదు. ఈత దుస్తులూ పనికిరావు. చేతిలో ఒక చిన్న తువ్వాలు, అంతే. నేను గుమ్మం దగ్గర కొంత తటపటాయించిన మాట నిజం. తీరా లోపల చూస్తే, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన అమ్మాయిలూ, ఎనభై ఏళ్ల అవ్వలూ ఎవరి పనిలో వాళ్లున్నారు. ఒక్కరూ మా వైపు తేరిపార చూడలేదు. పదినిమిషాల్లో బిడియం పోయింది. ఫోన్లు లోపలికి తేకూడదన్న నియమం వల్ల వచ్చే నిశ్చింత కూడా తక్కువదేమీ కాదు.

ఈ స్నానశాల 1863 నాటిది. అప్పటికి ఆ నగరానికి ‘ఎదో’ అన్న పాత పేరే ఉంది, ఇంకా టోక్యో కాలేదు. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల స్థలాలు ‘నో’ అనే జపాన్ సంప్రదాయ నాటక కళాకారులైన కొంపరు వంశానివట. వీధికీ, స్నానశాలకూ ఆ పేరే నిలిచింది. ఇప్పుడున్న కట్టడం మాత్రం 1957లో వచ్చింది, గుడి గోపురంలాంటి పాతకాలపు కప్పు ఆశించి వెళ్లకండి. మెరిసే అంగళ్ల మధ్య ఒక మామూలు భవనం, కింది అంతస్తులో తెర వేలాడే గుమ్మం. వెతుక్కోవాల్సిందే.

లోపల గోడను చూశాక ఆ లోటు తీరిపోతుంది. కుతాని పింగాణీ పలకల మీద పెద్ద పెద్ద రంగు చేపలు, కోయి చేపలు, ఈదుతూ ఉంటాయి. తొట్టిలో కూర్చుంటే మన ముఖం ఎత్తుకు దగ్గరగా ఉంటాయవి. వాటికి పైన ఫుజి పర్వతం. స్నానశాల గోడమీద ఫుజిని వేయించే అలవాటు 1912లో కాందాలోని ఒక స్నానశాలలో మొదలై టోక్యో అంతా పాకింది. ఇప్పుడు ఆ బొమ్మలు వేసే చిత్రకారులు వేళ్లమీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

ఇక స్నానం. నాకు అన్నిటికన్నా నచ్చింది నీటి పట్ల వాళ్లకున్న మర్యాద. తొట్టి మురికి వదిలించుకునే చోటు కాదు, శుభ్రపడినవాళ్లు కూర్చునే చోటు. నా పక్క కుళాయి దగ్గర డెబ్బై దాటిన ఒకావిడ పొట్టి పీట మీద కూర్చుని స్నానం చేస్తోంది. కాలివేళ్ల సందుల నుంచి చెవుల వెనక వరకూ నిదానంగా రుద్దుకుంది. నురగ చుక్క మిగలకుండా నీళ్లు పోసుకుంది. తర్వాత తను కూర్చున్న పీటను కడిగింది, గిన్నెను కడిగి బోర్లించింది, తన ముందున్న నేలమీద కూడా రెండు గిన్నెల నీళ్లు కుమ్మరించింది. అంతా అయ్యాకే తువ్వాలు మడిచి తలమీద పెట్టుకుని తొట్టివైపు నడిచింది. తువ్వాలు తొట్టి నీళ్లకు తగలకూడదు, జుట్టూ తగలకూడదు. నా జడ చూసి సుజాత నాకు కొప్పు బిగించి మరీ లోపలికి పంపింది.

తొట్లు రెండు. ఒకటి వేడి, ఇంకొకటి కాస్త తక్కువ వేడి. టోక్యో సెంటోల్లో 42 డిగ్రీలు మామూలు మాట. వేడి తొట్టిలో నేను మోకాళ్ల వరకూ దిగి వెనక్కి వచ్చేశాను. అది చూసిన ఆ పెద్దావిడ నవ్వి, రెండో తొట్టి వైపు చేయి చాపి, పక్కకు జరిగి చోటిచ్చింది. అక్కడ ఐదేసి నిమిషాలు కూర్చోవడం, లేచి చల్లబడటం, మళ్లీ దిగడం. ఆ రాత్రి పదింటికల్లా పండగనాటి తలంటు తర్వాత పట్టేలాంటి నిద్ర పట్టింది. తెల్లవారాక గానీ మెలకువ రాలేదు.

550 యెన్లకు ఇంత సుఖం, అదీ గింజాలో! ఆ వీధుల్లో చాలాచోట్ల కాఫీకి ఇంతకన్నా ఎక్కువే అడుగుతారు. ధర సెంటో యజమాని ఇష్టం కాదు, టోక్యో ప్రభుత్వం గరిష్ఠ రేటు నిర్ణయిస్తుంది. 2024 ఆగస్టులో 520 నుంచి 550 అయింది. ఇళ్లలో స్నానపు గదులు వచ్చాక ఇవి ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. 1968లో టోక్యోలో 2,687 ఉండేవి, ఇప్పుడు ఐదువందల లోపే. ఇంధనం ధరలు చూస్తే మిగిలినవి ఎలా నడుపుతున్నారా అనిపిస్తుంది. ఆ 550 యెన్లు సంతోషంగా ఇవ్వండి.

ఇబ్బందులూ ఉన్నాయి. చోటు చిన్నది. పని వదిలే వేళకు వెళితే బట్టలు మార్చుకునే గదిలో భుజాలు తగులుతాయి, కుళాయి కోసం ఆగాల్సి వస్తుంది. ఇచ్చే డబ్బు స్నానానికి మాత్రమే అనుకుని తువ్వాలు, సబ్బు, షాంపూ ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఒళ్లు తుడుచుకున్నాకే బట్టల గదిలోకి రావాలి, చిన్న తువ్వాలు అందుకే. కడుపునిండా తిని వెళ్లకండి. రక్తపోటు ఉన్నవాళ్లు వేడి తొట్టి జోలికి పోవద్దు. నెలసరి రోజుల్లో వెళ్లకూడదు.

ఒక మంచి సంగతి: పచ్చబొట్టు ఉంటే చాలా ఆన్సెన్లలో, అంటే సహజ వేడినీటి బుగ్గల దగ్గర, రానివ్వరు. పేట సెంటోల్లో సాధారణంగా ఆ పట్టింపు ఉండదు. చేతులనిండా పచ్చబొట్లున్న మా పెద్దమ్మను కూడా నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు.

నిషి కసాయ్ నుంచి తోజాయ్ మెట్రో లైనులో నిహొంబాషి, అక్కడ గింజా లైను మారి షింబాషి, ఆపైన కొద్ది నడక. ఆదివారం సెలవు. మధ్యాహ్నం రెండింటికి తీస్తారు, ఆ వేళకే వెళితే తొట్టిలో చేపల గోడకు ఆనుకునే చోటు దొరుకుతుంది.