తోలు సీటు, 9,000 కిలోమీటర్లు, ఒక ఛారిటీ రైడ్

నా సైకిల్‌కి ఈ తోలు సీటు కొని రెండేళ్లు దాటింది. మొదటి వారంలో దీని గురించి రాసి ఉంటే ఒక్క ముక్కలో తేల్చేసేవాణ్ని: కొనకండి, చెక్కపలక మీద కూర్చున్నట్టుంది అని. ఇప్పటికి దీని మీద 9,000 కిలోమీటర్లు తిరిగాను. అందులో సుమారు 5,600 ప్రాక్టీసు, 720 ఆరు రోజుల ఛారిటీ రైడ్, మిగతావి ఆ తర్వాత మానలేక తొక్కినవి. సీటు గురించి అని మొదలుపెట్టాను గానీ రైడ్ సంగతులన్నీ ఇందులోకి వచ్చేస్తాయి. అన్ని గంటలు కూర్చున్నాక ఏ సంగతి ఎత్తినా తిరిగి తిరిగి సీటు దగ్గరికే వస్తుంది.

ముందు రైడ్‌లో ఎలా చేరానో చెబుతాను. నా స్నేహితుడి నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. వారానికి మూడుసార్లు, సారికి నాలుగేసి గంటలు. ఆ ఖర్చు పెట్టుకోలేనివాళ్ల కోసం విరాళాలు పోగుచేసే రైడ్ ఒకటి ఉందని వాడే చెప్పాడు. "నువ్వెలాగూ సైకిల్ తొక్కుతావుగా" అన్నాడు. అప్పటికి నేను తొక్కేది ఆదివారం పొద్దున 15 కిలోమీటర్లు. ఆ మాట చెప్పడానికి మొహమాటపడి ఫారం నింపేశాను. చేతిలో పదకొండు నెలలున్నాయి.

మొదట నా దగ్గరున్నది మెత్తటి సీటు. దాని పైన ఇంకో జెల్ కవరు కూడా తొడిగాను. ఎంత మెత్తగా ఉంటే అంత సుఖం అనుకున్నాను. గంట వరకు సుఖమే. రెండో గంటకి తిమ్మిరి, మూడో గంటకి దిగిపోదామా అనిపించేది. కారణం తర్వాత తెలిసింది. కూర్చున్నప్పుడు మన బరువు మోయాల్సినవి తుంటి కింద ఉండే రెండు ఎముకలు. మెత్తటి సీటులో అవి దిగబడతాయి, వాటి మధ్యలో జెల్ పైకి ఉబుకుతుంది. నరాలు, రక్తనాళాలు ఉన్న మెత్తటి చోటే నలిగిపోతుంది. ఆ ఎముకల మధ్య దూరం కొలవడం తేలిక. గట్టి మెట్టు మీద ముడతల అట్టముక్క వేసి, కొంచెం ముందుకు వంగి ఒక నిమిషం కూర్చుంటే రెండు గుంటలు పడతాయి. వాటి మధ్య దూరానికి రెండు సెంటీమీటర్లో ఇంకాస్తో కలుపుకుంటే మనకు కావాల్సిన వెడల్పు వస్తుంది. లావుగా ఉన్నవాళ్లకి వెడల్పు సీటు కావాలనేది ఉత్త మాట, ఎముకల దూరానికీ ఒంటి లావుకీ సంబంధం లేదు.

తోలు సీటులో స్పాంజి ఉండదు. ముందొక ఇనుప కొన, వెనకొక ఇనుప చట్రం, వాటి మధ్య ఉయ్యాలలా లాగి రివెట్లు కొట్టిన మందపాటి తోలు. అంతే. మన ఎముకలు ఆనే చోట అది నెమ్మదిగా లొంగుతుంది. నాది లొంగడానికి 800 కిలోమీటర్లు పట్టింది. ఒక రోజు సైకిల్ తుడుస్తుంటే ఏటవాలు వెలుతురులో తోలు మీద రెండు చిన్న పల్లాలు కనిపించాయి. ఎడమది కుడిదానికంటే లోతు. నేను ఒక పక్కకి ఒరిగి కూర్చుంటానని అప్పుడే తెలిసింది.

సీటు మీద పెట్టాల్సిన నింద కొంత నా మీదే పెట్టుకోవాలి. నొప్పి తగ్గుతుందని సీటు ముందు కొనను, అంటే ముక్కు భాగాన్ని, కాస్త కిందికి వంచాను. నొప్పి తగ్గింది, కానీ ఒళ్లు ముందుకు జారడం మొదలైంది. ఆ బరువంతా అరచేతులు మోశాయి. మూడు వారాలు తిరిగేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారాయి. సోమవారం ఆఫీసుకి తయారవుతూ చొక్కా బొత్తాం పెట్టుకోలేకపోయాను. వేలు బొత్తాన్ని తాకుతోంది, తాకిన సంగతి నాకు తెలియడం లేదు. నిజంగా భయమేసింది. డాక్టరు చూసి, మణికట్టు దగ్గర ఆ రెండు వేళ్లకి వెళ్లే అల్నార్ నరం నలుగుతోంది, హ్యాండిల్ మీద బరువు తగ్గించు అన్నారు. సీటును సమంగా, చెప్పాలంటే ముక్కు ఒక వెంట్రుకవాసి పైకే ఉండేలా సర్దాను. తోలు ఉయ్యాలలా దిగుతుంది కాబట్టి ఈ సీట్లకి అదే పద్ధతట. హ్యాండిల్ మీద చేతులు పది నిమిషాలకోసారి మార్చడం అలవాటు చేసుకున్నాను. వేళ్లకి స్పర్శ పూర్తిగా రావడానికి నెలన్నర పట్టింది.

ఎత్తు విషయంలోనూ అంతే. మోకాలి చిప్ప ముందువైపు నొప్పి వస్తే సీటు చాలాసార్లు తక్కువ ఎత్తులో ఉన్నట్టే. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా సాగాలి. అప్పుడు మునివేళ్ల దగ్గరి భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. నేను 12 మిల్లీమీటర్లు పెంచాను, నొప్పి పది రోజుల్లో పోయింది. పెంచిన చోట రాడ్డుకి రంగు టేపు చుట్టాను. రైడ్‌లో ఒక రాత్రి సైకిళ్లన్నీ లారీలోకి ఎక్కించినప్పుడు ఎవరో నా సీటు దించేశారు. టేపు లేకపోతే మళ్లీ మొదటికొచ్చేది.

ప్యాడ్ ఉన్న షార్ట్స్ గురించి ఒక మాట, సిగ్గు విడిచి. మూడు నెలలు వాటి లోపల డ్రాయర్ వేసుకునే తొక్కాను. కుట్లు ఒరుసుకుని పుండ్లు పడుతుంటే మందు రాసుకుంటూ సీటును తిట్టుకునేవాణ్ని. ఒక రోజు కలిసి తొక్కుతున్న పెద్దాయన నా నడక చూసి, పక్కకి పిలిచి, "తమ్ముడూ, లోపల ఇంకేమైనా వేస్తున్నావా?" అని అడిగారు. వేస్తున్నానన్నాను. ఆయన నవ్వలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. "తీసెయ్. ఆ ప్యాడ్ ఒంటికే ఆనాలి" అన్నారు. ఆ తర్వాత పుండన్నదే లేదు. నాలుగు చవకవి కొనే బదులు రెండు మంచివి కొనండి, ఏ రోజుది ఆ రోజు ఉతకండి. రైడ్ ఐదో రోజు వాన వల్ల సరిగ్గా ఆరని షార్ట్స్‌తో బయల్దేరాను. తడి బట్టతో 120 కిలోమీటర్లు ఎలా ఉంటాయో వర్ణించను.

ప్రాక్టీసులో నాకు బాగా పనికొచ్చింది వరసగా రెండు రోజులు తొక్కడం. ఆరు రోజుల రైడ్‌కి ఒకే రోజు 200 కిలోమీటర్లు తొక్కి చూసుకోనక్కర్లేదు. శనివారం 110 తొక్కి, ఆదివారం పొద్దున అవే కాళ్లతో, అదే సీటు మీద మళ్లీ కూర్చుని 90 తొక్కాలి. ఆ మొదటి ఇరవై నిమిషాల్లో మన లోపాలన్నీ బయటపడతాయి. మామూలు వారాల్లో మూడు రోజులే తొక్కేవాణ్ని. స్నేహితుడి నాన్నగారికీ వారంలో మూడు రోజులే అని తర్వాతెప్పుడో స్ఫురించింది. అప్పటి నుంచి బద్ధకించిన రోజు కొంచెం సిగ్గేసేది. మాట్లాడుతూ తొక్కగలిగే వేగం దాటేవాణ్ని కాదు. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించాను. చివరి పది రోజులు దాదాపు సగం చేశాను. కాళ్లు తేలికపడతాయి గానీ మనసు మాత్రం ఏదో తప్పు చేస్తున్నట్టు టెన్షన్ పడుతుంది.

ఇంట్లోనే సైకిల్ బిగించి తొక్కుకునే ట్రైనర్ స్టాండు కూడా కొన్నాను. దానికి సగం మార్కులే వేస్తాను. వాన రోజుల్లో, రాత్రిళ్లు 45 నిమిషాలకి బ్రహ్మాండం. కానీ సైకిల్ కదలకుండా బిగించి ఉండడం వల్ల రోడ్డు మీద కంటే దాని మీదే సీటు ఎక్కువ బాధిస్తుంది. పది నిమిషాలకోసారి లేచి నిలబడాలి. ఫ్యాన్ లేకపోతే అసలు ఎక్కకండి.

తిండి దగ్గర ఒక్కసారే దెబ్బ తిన్నాను. ఆకలేసినప్పుడు తిందాంలే అనుకుని 130 కిలోమీటర్ల ప్రాక్టీసుకి వెళ్లాను. 95 దగ్గర కాళ్లు ఆగిపోయాయి. నొప్పి లేదు, ఆయాసం లేదు, లైటు ఆర్పేసినట్టు శక్తి పోయింది. కిలోమీటరు రాయి మీద కూర్చుని, దాని మీది అంకె చదివి కూడా ఇంకా ఎంత దూరముందో లెక్క కట్టలేకపోయాను. గట్టిగా తొక్కితే ఒంట్లో నిలవుండే పిండిపదార్థం, అంటే గ్లైకోజన్, రెండు గంటలకి మించి రావడం కష్టం. గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతూనే ఉండాలి. అప్పటి నుంచి ఫోన్‌లో 25 నిమిషాలకో అలారం పెట్టాను. మోగితే ఆకలి ఉన్నా లేకపోయినా రెండు ముద్దలు. నీళ్లు మాత్రం దాహానికి తగ్గట్టే. చెమట పడుతోంది కదా అని ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు.

అన్నిటికంటే కష్టమైంది డబ్బులడగడం. ఏటవాలు ఎక్కుతుంటే గుండె దడదడలాడుతుంది గానీ చెయ్యి వణకదు. మొదటి మెసేజ్ పంపేటప్పుడు వణికింది. రెండు వందల మంది ఉన్న గ్రూపులో పెడితే బొటనవేలి బొమ్మలు ముప్పై వచ్చాయి, విరాళాలు మూడు. తర్వాత ఒక్కొక్కరికి పేరు పెట్టి విడిగా రాశాను. ఎవరి కోసం తొక్కుతున్నానో, ఆ వారం ఎంత తొక్కానో, ఎక్కడ పడ్డానో రాశాను. పడ్డ వారమే ఎక్కువ డబ్బులొచ్చాయి! చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "నేనిచ్చేది వాళ్లకి పోతుందా, నీ ఖర్చులకా?" న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1980లో బిల్లీ స్టార్ మొదలుపెట్టిన సైకిల్ ఛారిటీ రైడ్ పాన్-మాస్ ఛాలెంజ్‌లో రైడర్లు పోగుచేసిన విరాళమంతా డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థకే వెళుతుంది. అన్ని రైడ్‌లూ అలా ఉండవు. అందుకే ఫారం నింపకముందే నిర్వహణ ఖర్చు ఎక్కణ్నుంచి పెడతారో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. నేను నా ప్రయాణం, బస ఖర్చు సొంతంగా పెట్టుకుని ఆ సంగతి అందరికీ చెప్పాను. మా నిర్వాహకుల మీద నా ఫిర్యాదు ఒక్కటే. రసీదులు నెలన్నర ఆలస్యం చేశారు. ఇచ్చినవాళ్లు అడిగింది నన్ను, వాళ్లని కాదు.

ఇక ఆ ఆరు రోజులు. మొదటి రోజు గుంపులో ఊపు మీద తొక్కేశాను. ఒకరి వెనక ఒకరు దగ్గరగా వెళితే గాలి తగలక బాగా తేలికవుతుంది. ఆ తేలికను నా బలమనుకున్నాను. మూడో రోజు ఎదురుగాలిలో గుంపు చెదిరి ఒంటరినయ్యాక నా బలమెంతో తెలిసింది, గంటకి 24 పోయేవాణ్ని 16కి దిగాను. గేర్లు మాత్రం కాపాడాయి. అన్నిటికంటే తేలిక గేరులో ముందు పళ్లచక్రానికి 34 పళ్లు, వెనకదానికీ 34 పళ్లు ఉండేలా మార్పించుకున్నాను, ఎంత ఎత్తయినా కూర్చునే ఎక్కాను. టైర్ల వెడల్పు 25 నుంచి 32 మిల్లీమీటర్లకి మార్చి గాలి తగ్గించడం కూడా సీటుకి మేలు చేసింది. పంచర్లు రెండే, రెండోది నా నిర్లక్ష్యం. ట్యూబు మార్చాను గానీ టైరు లోపల వేలు పెట్టి తడమలేదు. అందులో ఇరుక్కున్న వెంట్రుకంత తీగముక్క కొత్త ట్యూబును కూడా పొడిచింది.

నాలుగో రోజు వెనక చక్రం దగ్గర టింగుమని ఒక చప్పుడు. గేర్లున్న వైపు స్పోకు, చక్రం నడుమ ఉండే హబ్బు దగ్గరి వంపులో తెగింది. ఎక్కువగా తెగేవి అవే, ఆ వైపు స్పోకులు ఎక్కువ బిగువులో ఉంటాయి. గేర్లు ఊడదీస్తే గానీ కొత్తది వేయలేం. తెగినదాన్ని పక్కదానికి మెలేసి చుట్టాను. రిమ్ము బ్రేకుకి రాసుకోకుండా బ్రేకు వదులు చేశాను. అవతలి వైపు పక్క స్పోకులు రెండిటినీ చెరో అర మలుపు సడలించాను. అలా 38 కిలోమీటర్లు కుంటుకుంటూ క్యాంపుకి చేరాను. బయల్దేరేముందు చక్రం బిగువు ఒకసారి చూపించుకుని ఉంటే సరిపోయేది. అన్ని నెలలూ నా మోకాళ్లనే చూసుకున్నాను, చక్రం వంక చూడలేదు.

సీటు లోపాలు కూడా చెప్పాలి. బరువు అర కిలోకి పైనే, మామూలు రేసింగ్ సీట్లు దాదాపు అందులో సగం ఉంటాయి. తడిస్తే పాడవుతుంది, తడిగా ఉండగా కూర్చుంటే ఇంకా త్వరగా సాగిపోతుంది. ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు జేబులో ఉండాల్సిందే. మూడు నాలుగు నెలలకోసారి అడుగున మైనం రాయాలి. 3,000 కిలోమీటర్ల దగ్గర కిర్రుమనడం మొదలుపెట్టింది, రివెట్ల దగ్గర మైనం రాస్తే ఆగింది. ముందున్న బోల్టును రెండేళ్లలో ఒక్క పావు మలుపే బిగించాను. ఎక్కువ బిగిస్తే తోలు చిరుగుతుంది. రైడ్‌కి కనీసం మూడు నెలల ముందు కొనే ఓపిక లేకపోతే దీని జోలికి వెళ్లకండి, కొలతకి సరిపోయే మామూలు సీటు తీసుకోండి.

రైడ్ అయిన వారానికి స్నేహితుడి ఇంటికి సైకిల్ మీదే వెళ్లాను. వాళ్ల నాన్నగారు గుమ్మంలోకి వచ్చి సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి చూశారు. సీటు మీద పల్లాల్లో బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కారు. అది ఇంచు కూడా దిగలేదు.

"ఆరు రోజులూ దీని మీదేనా?" అన్నారు.

"అవునండీ."

"నా డయాలసిస్ కుర్చీయే నయంరా అబ్బాయ్. కనీసం వెనక్కి వాలుతుంది."