గాలికి అడ్డు లేని స్థలానికి 87 డాలర్లు: పెర్త్ నుంచి జెరాల్డ్టన్ దాకా

పశ్చిమ ఆస్ట్రేలియా తీరం వెంట పెర్త్ నుంచి జెరాల్డ్టన్ దాకా, గుడారం వేసుకుంటూ, నేను, నా భార్య, మా అమ్మ, పదేళ్ల మా అబ్బాయి కారులో వెళ్లివచ్చాము. రానుపోను 850 కిలోమీటర్లు దాటిన ఆ ప్రయాణంలో ఒక రాత్రి జరిగిన అన్యాయం ఇప్పటికీ మనసులోంచి పోలేదు. డిసెంబరు సెలవులలో, అంటే అక్కడి వేసవిలో, ఈ దారి పట్టే కుటుంబాలకు ఆ అనుభవం తెలియాలని ఇది రాస్తున్నాను.

మొదటి పగలు హాయిగా గడిచింది. సెర్వాంటెస్ దగ్గర నంబంగ్ జాతీయ ఉద్యానంలో, పసుపు ఇసుకలో నిలువెత్తుకు మించి లేచిన పినాకిల్స్ సున్నపురాతి స్తంభాలను కారుకు 17 డాలర్ల ప్రవేశ రుసుముతో చూశాము. అక్కడ గుడారాలు వేయనివ్వరు కనుక, ఒక కారవాన్ పార్కులో, అంటే కారుకు తగిలించుకునే ఇంటిబండ్లకు (కారవాన్లకు), గుడారాలకు స్థలం అద్దెకిచ్చే చోట, ముందుగానే స్థలం తీసుకున్నాము.

ఫోనులో మాట్లాడినప్పుడు, వయసు మళ్లిన మా అమ్మ వస్తున్నదని చెప్పి, గాలికి అడ్డు ఉంటుందా అని రెండుసార్లు అడిగాను. చెట్ల వరుస వెనుక స్థలం ఇస్తామన్నారు. ఇద్దరు పెద్దలకు 62, అమ్మకు అదనంగా 15, అబ్బాయికి 10, మొత్తం 87 డాలర్లు ముందే కట్టించుకున్నారు. తీరా వెళ్లాక మాకు చూపింది నైరుతి మూల. ఒక ఇనుప తీగల కంచె, దాని అవతల సముద్రం, మధ్యలో ఒక్క చెట్టు కూడా లేదు. ఈ తీరంలో వేసవి మధ్యాహ్నాలు మొదలుకొని గాలి దక్షిణ, నైరుతి దిక్కుల నుంచే బలంగా వీస్తుందని అక్కడ పనిచేసేవారికి తెలియకుండా ఉంటుందా? గుబురు కంచె చాటున మూడు స్థలాలు ఖాళీగా కనిపిస్తుంటే, వాటిలో ఒకటి ఇవ్వమని నా భార్య అడిగింది. అవి కారవాన్ల కోసం ఉంచామని నిర్వాహకుడు తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. తెల్లవారేదాకా ఆ మూడింటిలోకీ ఎవరూ రాలేదు.

రాత్రి పదకొండు గంటలకు గుడారం కమ్మీ ఒకటి విరిగింది. గుడారంతో పాటు వచ్చిన పొట్టి మేకులు ఇసుకలోంచి ఒక్కొక్కటే ఊడివస్తుంటే, పక్క కారవాన్‌లోని ఒక పెద్దాయన చేతిదీపం పట్టుకుని వచ్చి, తన దగ్గరున్న నాలుగు పొడవాటి ఇసుక మేకులు దిగగొట్టి, తాళ్లు బిగించి, మళ్లీ పడుకోవడానికి వెళ్లాడు. డబ్బు కట్టించుకున్నవారు చేయని పని ఏ సంబంధమూ లేని మనిషి చేశాడు. అయినా అమ్మ కారు ముందు సీటులో కూర్చునే తెల్లవార్చింది. ఆమె ఒక్క మాట కూడా అనకపోవడం నన్ను మరింత బాధపెట్టింది. ఉదయం సగం డబ్బయినా తిరిగి ఇమ్మని అడిగితే, గాలి తమ చేతిలో లేదన్నారు. గాలి వారి చేతిలో లేకపోవచ్చు, స్థలం కేటాయింపు మాత్రం వారి చేతిలోనే ఉంది. మీరు బుక్ చేసేటప్పుడు ఫోను మాటను నమ్మక, స్థలం నంబరు రాతపూర్వకంగా తీసుకోండి.

జెరాల్డ్టన్‌కు కొంచెం ముందు గ్రీనో దగ్గర, ఉప్పు మోసుకొచ్చే దక్షిణపు గాలికి ఉత్తరం వైపు వంగి, దాదాపు నేల మీద పడుకున్నట్లు పెరిగిన యూకలిప్టస్ చెట్లున్నాయి. రాత్రి మేము దేనితో పోరాడామో అబ్బాయికి వాటిని చూశాకే పూర్తిగా అర్థమయింది. 1941 నవంబరు 19న మునిగిన సిడ్నీ అనే ఆస్ట్రేలియా యుద్ధనౌక స్మారకాన్ని జెరాల్డ్టన్‌లో తప్పక చూడండి. ప్రవేశానికి డబ్బు తీసుకోరు. చనిపోయిన 645 మంది నావికులకు గుర్తుగా గోపురం నిండా అన్నే ఉక్కు సముద్రపక్షులను అమర్చారు. సముద్రం వైపు చూస్తూ ఎదురుచూసే స్త్రీ కంచు విగ్రహం పక్కన అమ్మ చాలాసేపు నిలబడింది. ఆ ఓడ శిథిలాలు 2008లో గానీ దొరకలేదని చెబితే, అంతకాలం ఆ తల్లులు ఎలా ఉన్నారో అని మాత్రం అన్నది.

తిరుగుదారిలో జూరియన్ బేకు ఉత్తరాన శాండీ కేప్‌లో దిగాము. మేము కట్టింది 20 డాలర్లు. కరెంటు లేదు, తాగునీరు లేదు, మరుగుదొడ్లు గుంటలవి, చివరి కొంత దూరం కంకర రోడ్డు. అయినా ఇసుక దిబ్బల చాటున, గాలి లేవకముందే, వాకిలి ఉత్తరానికి పెట్టి వేసిన గుడారం రాత్రంతా కదలలేదు. జెరాల్డ్టన్‌లో కొన్న పొడవాటి మేకులు, కర్రముక్క కట్టి అతికించిన కమ్మీ రెండూ నిలిచాయి. సౌకర్యాలు చూసి ఇక్కడ బస ఎంచుకోకూడదని, అడ్డు చూసి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. తెచ్చుకున్న 20 లీటర్ల నీళ్లు మాకు ఒక్కరోజుకే సరిపోయాయి. మీరు రెండింతలు తీసుకువెళ్లండి. పొద్దున బాగా ఎండెక్కాక లేచిన అమ్మ, ఇంకో రాత్రి ఉందామా అని అడిగింది. డబ్బాలో అప్పటికి మూడు లీటర్లే మిగిలాయి.